పాత కారునకు కొత్త స్టీరింగు

మోటారు కారులో ఎన్ని వేల భాగములున్నను, ప్రయాణము సాగినంతసేపు మనిషి చేతిని విడువని భాగము ఒక్కటే కలదు. అది స్టీరింగు చక్రము. ఇంజను ధ్వని చెవికి వినవచ్చును. బ్రేకు కాలికి అందును. కాని బాట ఎట్లున్నదో, ముందు చక్రములు ఎటు మొగ్గుచున్నవో, టైరు పట్టు నిలిచినదో సడలినదో డ్రైవరునకు తెలియవచ్చునది అరచేతుల వలననే. అందుచేత పాత కారును ముచ్చటపడి బాగు చేయించుకొనువారి దృష్టి త్వరగా దాని మీదికి పోవుటలో వింత లేదు. రంగు వేయించి, సీట్లు కుట్టించిన పిమ్మట, పగుళ్లు వారిన ఆ పెద్ద చక్రము కంటికి వెలితిగా తోచును. దానిని తీసివేసి, తోలు తొడిగిన చిన్న కొత్త చక్రము నొకదానిని బిగించినచో కారునకు మరల యౌవనము వచ్చునని అనిపించును. ఈ పని చేయదగినదా, చేసినచో ఎట్లు చేయవలెను, దాని వలన మనకు నిజముగా లభించునదేమి, లభింపనిదేమి అను సంగతులను ఈ ప్రసంగమున విచారింతము.

మన దేశములో పాత కారనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునవి రెండు. ఒకటి అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై, కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు దానిని 1957 మొదలు 2014 వరకు తయారు చేసిరి. రెండవది పద్మిని. ఇది ఫియట్ 1100 వంశమున పుట్టి, బొంబాయిలోని కుర్లా కర్మాగారములో ప్రీమియర్ వారి చేతుల మీదుగా వెలువడినది. బొంబాయి వీధులలో నలుపు పసుపు టాక్సీలుగా పేరొందిన పద్మినులు 2023 అక్టోబరుతో ఆ కొలువు చాలించినవి. టాక్సీలుగా పోయినను, ఇంటి బండ్లుగా ఈ రెండు జాతులును పూర్తిగా మాయము కాలేదు. తండ్రి కొన్న కారు గదా యని కొడుకులు, తాత ఎక్కిన కారు గదా యని మనుమలు వీనిని దాచుకొనుచున్నారు. మేము చెప్పబోవు సూత్రములు ఏ పాత కారునకైనను వర్తించునవే. ఐనను ఈ రెండింటిని మనస్సున ఉంచుకొనియే చెప్పుచున్నాము.

అసలు కారునకు చక్రాకారపు స్టీరింగు పుట్టుకతో వచ్చినది కాదు. 1886లో జర్మనీ దేశస్థుడు కార్ల్ బెంజ్ వెలువరించిన మూడు చక్రముల బండిలో నిలువు కడ్డీకి తగిలించిన చిన్న పిడి మాత్రమే ఉండెడిది. ఆనాటి తక్కిన బండ్లలో పెక్కింటికి పడవ చుక్కాని వంటి కర్ర యుండెను. వేగము తక్కువగా ఉన్నంతకాలము ఆ ఏర్పాటు సరిపోయినది. వేగము హెచ్చిన కొలది, ముందు చక్రము రాయి మీదికెక్కినపుడెల్ల ఆ కుదుపు కర్రను ఒక్క విసురున ప్రక్కకు త్రోయసాగెను. 1894లో పారిస్ నుండి రూఆఁ వరకు జరిగిన పందెములో ఆల్ఫ్రెడ్ వాషెరాఁ అను ఫ్రెంచి చోదకుడు తన పానార్ బండికి చక్రాకారపు స్టీరింగును తగిలించుకొని వచ్చెను. 1898 నాటికి పానార్ సంస్థవారు తమ కార్లకు దానినే నియమముగా బిగింపసాగిరి. రెండు చేతులతో పట్టుకొనుటకు వీలగుట, పలుమారులు త్రిప్పి అధిక బలమును సాధించుటకు అనువగుట, బాట కుదుపు చేతికి సూటిగా తగులకుండుట - ఈ మూడు గుణముల చేతనే చక్రము నిలిచినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పాత కార్ల స్టీరింగు చక్రములు అంత పెద్దవిగా ఎందులకున్నవి? అది ఆనాటి వారి అభిరుచి మాత్రము కాదు, అవసరము. మన ఇండ్లలో తిరుగలి త్రిప్పిన వారికి ఈ రహస్యము తెలియును. తిరుగలి పిడి అంచున ఉన్నపుడు రాయి సులువుగా తిరుగును. అదే పిడిని నడిమి శీలకు దగ్గరగా నాటినచో ఎంత బలవంతునకైనను చేయి నొచ్చును. స్టీరింగు చక్రము కూడ అట్టి తిరుగలియే. కడ్డీని త్రిప్పుటకు కావలసిన మెలిబలము మారదు. ఆ బలమును అంచున పట్టుకొని త్రిప్పుచున్నామా, నడిమికి దగ్గరగా పట్టుకొని త్రిప్పుచున్నామా అనుటలోనే చేతి కష్టమున్నది.

లెక్క వేసి చూతము. 16 అంగుళముల వ్యాసము గల చక్రమును, నిలిచియున్న కారులో త్రిప్పుటకు అంచు వద్ద 8 కిలోల బలము కావలసినదనుకొందము. ఆ చక్రపు అర్ధవ్యాసము 8 అంగుళములు. దాని స్థానమున 14 అంగుళముల చక్రమును బిగించినచో అర్ధవ్యాసము 7 అంగుళములగును. కావలసిన బలము 9 కిలోలు దాటును. 13 అంగుళముల చక్రమైనచో ఆ బలము సుమారు 9.8 కిలోలు. అనగా చేతి శ్రమ దాదాపు నాలుగవ వంతు పెరిగినదన్నమాట. దీనికి తోడు పాత కార్లకు ఆనాడున్న సన్నని టైర్లు తీసివేసి వెడల్పైన రేడియల్ టైర్లు వేయుట నేడు వాడుకయైనది. నేలను ఎక్కువగా కరచుకొనియుండు టైరును నిలిచినచోట త్రిప్పుట మరింత కష్టము. ఈ రెండు మార్పులును ఒక్కసారే చేసినవారు సందులో బండి మళ్లించునపుడు భుజములు పట్టివేసినవని వాపోవుట సహజమే.

కొత్త కార్లలో చిన్న చక్రములు ఎట్లు చెల్లుచున్నవని అడుగవచ్చును. వానిలో చేతికి తోడుగా యంత్రబలమున్నది. 1951లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థవారు తమ ఇంపీరియల్ కారులో చమురు ఒత్తిడితో పనిచేయు పవర్ స్టీరింగును అమ్మకమునకు తెచ్చిరి. నేటి చిన్న కార్లలో ఆ పనిని విద్యుత్ మోటారు చేయుచున్నది. చేతికి శ్రమ తగ్గినందుననే చక్రము చిన్నదగుటకు వీలు కలిగినది. కారణమును విడిచి ఫలమును మాత్రము పాత కారునకు తెచ్చినచో ఆ బరువు మన భుజముల మీదనే పడును. పాత కారునకు పవర్ స్టీరింగును కూడ చేర్చు సామగ్రి నేడు లభించుచున్నమాట నిజమే. కాని దానికై స్టీరింగు కడ్డీని కోసి అతుకవలసిన సందర్భములు కలవు. అది చక్రము మార్చుట వంటి చిన్న పని కాదు. ఇంజనీరు పర్యవేక్షణ లేనిదే దాని జోలికి పోరాదు.

బలము సంగతి యట్లుండగా, చక్రము చిన్నదైనచో మరికొన్ని మార్పులు కూడ కలుగును. 16 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరుగుటకు చేయి 50 అంగుళముల దూరము పోవలెను. 13 అంగుళముల చక్రమునకు 41 అంగుళములు చాలును. అందుచేత ఇంతకుముందు వలెనే చేయి కదల్చినను కారు మునుపటికంటె ఎక్కువగా మళ్లును. అలవాటు పడువరకు రహదారిపై అప్రమత్తుడై యుండవలెను. మరియు పెద్ద చక్రపు నడుమనుండి కనబడుచుండిన స్పీడు మీటరు, చిన్న చక్రపు అంచు అడ్డు వచ్చి కనబడకపోవచ్చును. పాత అంబాసిడర్లలోను, పద్మినిలోను గేరు కడ్డీ స్టీరింగు క్రిందనే అమర్పబడియున్నది. చక్రము చిన్నదగునప్పటికి ఆ కడ్డీ కొస, ఇండికేటరు పుల్ల అంచు దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చి, త్రిప్పునపుడు చొక్కా చేతికి తగులుకొనును. చక్రము డ్రైవరు వైపు జరిగినచో దీనికి వ్యతిరేకముగా అవి వ్రేళ్లకు అందకపోవును. కావున కొనుటకు ముందే చక్రపు వ్యాసమును, దాని లోతును కొలిచి, సీటులో కూర్చుండి, అట్టముక్కను ఆ కొలతకు గుండ్రముగా కత్తిరించి ముందు పెట్టుకొని చూచుకొనుట మంచిది. కానీ ఖర్చులేని ఈ పరీక్ష వేల రూపాయల వృథాను తప్పించును.

ఇన్ని చిక్కులున్నపుడు మార్చుట ఎందులకని కొందరనవచ్చును. న్యాయమైన కారణములు లేకపోలేదు. పాత చక్రములలో లోపల ఉక్కు కమ్మీ, దానిపై గట్టి ప్లాస్టికు పూత ఉండును. ఎండకు ఎండి, చలికి బిగిసి ఆ పూత పగులును. పగుళ్లలో చేరిన చెమ్మ వలన లోపలి కమ్మీ త్రుప్పుపట్టును. త్రుప్పు తిన్న కమ్మీ ఏదో ఒకనాడు చేతిలోనే విరుగవచ్చును. అట్టి చక్రమును అలంకారమునకు ఉంచుకొనవలెనే గాని దానితో కారు నడుపరాదు. మరియు వ్రేళ్ల కీళ్లనొప్పి గలవారికి సన్నని అంచు పట్టుకొనుట బాధాకరము; వారికి లావుపాటి మెత్తని అంచు హాయి నిచ్చును. భారీకాయులకు పెద్ద చక్రము తొడలకు తగులుచుండుట కూడ కలదు. ఈ కారణములలో ఏదియు లేక, చూపు కొరకు మాత్రమే మార్చదలచినవారు ఒకటికి రెండుసార్లు ఆలోచింపవలెను.

వారికి మధ్యేమార్గ మొకటి కలదు. కమ్మీ గట్టిగా ఉండి పైపూత మాత్రమే పగిలియున్నచో, ఆ పగుళ్లను వెడల్పు చేసి, శుభ్రపరచి, ఎపాక్సీ ముద్దతో పూడ్చి, నున్నగా రుద్ది రంగు వేయవచ్చును. దానిపై తోలు కుట్టించినచో అంచు లావగును, పట్టు కుదురును, ఎండకు కాలదు. చక్రపు వ్యాసము మారదు గనుక బలము లెక్కయు మారదు. తోలు తొడుగు మాత్రము వదులుగా ఉండరాదు. మలుపులో చేయి ఒకవైపు, తొడుగు మరొకవైపు జారినచో ప్రమాదమే.

ఇక మార్చుటకే నిశ్చయించుకొన్న వారి సంగతి. స్టీరింగు కడ్డీ పైకొసను చూచినచో దాని చుట్టును నిలువు గాళ్లు కనబడును. వీనిని మెకానిక్కులు స్ప్లైన్లందురు. చక్రపు నడిమి రంధ్రములో సరిగా వీనికి సరిపడు గాళ్లుండును. ఆ గాళ్లు ఒకదానిలో నొకటి ఇమిడి, పైనుండి ఒక నట్టు బిగింపబడును. మెలిబలమునంతయు మోయునవి ఆ గాళ్లు. చక్రము ఊడిరాకుండ కాచునది ఆ నట్టు. ఎడ్లబండికి శీల యెట్టిదో, కారు స్టీరింగునకు ఆ నట్టు అట్టిది.

కొత్త చక్రములు చాల వరకు కడ్డీకి సూటిగా తొడుగునవి కావు. చక్రమునకును కడ్డీకిని నడుమ బాస్ అను ఒక లోహపు దిమ్మ ఉండవలెను. దాని క్రిందివైపు మీ కారు గాళ్లకు సరిపడవలెను; పైవైపు కొత్త చక్రపు బోల్టులకు సరిపడవలెను. గాళ్ల సంఖ్య, కడ్డీ లావు కారుకొక తీరుగా ఉండును. అంబాసిడరు ఐదు దశాబ్దములకు పైగా వెలువడిన కారు. గేరు కడ్డీ స్టీరింగు క్రిందనున్న తొలినాటి కారును, గేరు కడ్డీ నేలమీదికి దిగిన తరువాతి కారును పేరు ఒకటియే గాని అమరిక ఒకటి కాదు. కావున అంబాసిడరు బాస్ అని అడిగిన చాలదు. ఏ సంవత్సరపు కారో చెప్పి, కడ్డీకి తొడిగి చూచి మరీ తీసికొనవలెను. చేతితో నొక్కినపుడు గాళ్లలోనికి బిగువుగా, వంకర లేక, ఆడక దిగినదే సరియైన బాస్. దిగని దానిని సుత్తితో దింపుట, ఆకురాయితో గాళ్లను అరగదీయుట, వదులుగా నున్న దానికి రేకుముక్క చుట్టి బిగించుట - ఈ మూడును చేయరాని పనులు.

పైవైపు బోల్టుల సంగతిలో మరొక మోసము పొంచియున్నది. ఇటలీ దేశపు మోమో సంస్థ చక్రములకు ఆరు బోల్టులు 70 మిల్లీమీటర్ల వ్యాసము గల వలయముపై ఉండును. అదే దేశపు నార్డి సంస్థ చక్రములకు కూడ ఆరు బోల్టులే. కాని వలయపు వ్యాసము 74 మిల్లీమీటర్లు. కంటికి రెండును ఒక్కటిగనే తోచును. బోల్టు దిగనప్పుడు రంధ్రమును కొంచెము సాగదీసినచో సరి యని చెప్పువారుందురు. సాగిన రంధ్రములో బోల్టు ఒకవైపు మాత్రమే ఆనును. కుదుపు కుదుపునకు అక్కడనే లోహము అరుగును. రెండు కొలతలకును పనికివచ్చునట్లు రంధ్రములు తొలిచిన బాసులు, నడుమ వేయు పలకలు దొరకుచుండగా ఈ సాహసముతో పనిలేదు.

తయారుగా దొరకని కార్లకు బాస్ చేయింపవలసినచో విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల లేత్ పనిలో ఆరితేరిన టర్నర్లకు కొదువ లేదు. అట్టివారికి పాత చక్రమునే నమూనాగా ఇచ్చి గాళ్లను సరిగా కోయింపవలెను. పాత చక్రపు నడిమి దిమ్మను కోసి కొత్త చక్రమునకు వెల్డింగు చేయించుట చౌకబేరముగా కనబడును. కాని ఆ దిమ్మ ఏ లోహమో, వేడికి దాని గట్టితనము ఏమగునో వెల్డింగు చేయువానికి తెలియదు. అతుకు పైకి నిగనిగలాడుచుండును. పైన పటారము, లోన లొటారము. సాధారణమైన తలుపు గొళ్లెమునకు ఇట్టి అతుకు చాలును గాని, నాలుగు ప్రాణములకు ఆధారమైన చోట చాలదు.

పని క్రమము ఇట్లుండవలెను. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విడదీయవలెను. ముందు చక్రములను సూటిగా నిలిపి, నడిమి హారను బొత్తామును తీసి, కడ్డీ మీదను చక్రము మీదను ఎదురెదురుగా రంగు చుక్కలు పెట్టుకొనవలెను. నట్టును వదులు చేయవలెనే గాని పూర్తిగా తీసివేయరాదు. రెండు మూడు మరలపై నిలిపి యుంచవలెను. ఏలనన, ఏండ్ల తరబడి పట్టుకొనియున్న చక్రము పుల్లరు బలమునకు ఒక్కసారిగా వదలినపుడు, ఆ నట్టు అడ్డు లేనిచో అది ముఖమునకు తగులును. పుల్లరు వాడక కడ్డీ కొసను సుత్తితో కొట్టు అలవాటు మన షెడ్లలో ఇంకను కలదు. ఆ దెబ్బ కడ్డీ వెంట పోయి అడుగుననున్న బేరింగులకును, గేరు పండ్లకును తగులును. చక్రము వచ్చినను రోగము లోపల మిగులును.

బిగించునపుడు గాళ్లను తుడిచి శుభ్రపరచి, గుర్తులు కలియునట్లు బాస్‌ను తొడిగి, వాషరు వేసి, నిర్మాతల చేతిపుస్తకములో చెప్పిన బిగువుతో నట్టును బిగింపవలెను. ఆ బిగువును చేతి అందాజున గాక టార్కు రెంచితో చూచుకొనవలెను. నట్టు మరలన్నియు కడ్డీని పట్టి, కడ్డీ కొస నట్టును దాటి కొంచెము కనబడవలెను. బాస్ మందము ఎక్కువై నట్టుకు రెండు మరలే దొరకినచో అది పనికిరాని బాస్. సూటిగా పోవునపుడు కొత్త చక్రము వంకరగా నిలిచినచో, వెంటనే ఒకటి రెండు గాళ్లు జరిపి సరిచేయుటకు తొందరపడరాదు. అడుగునున్న స్టీరింగు గేరు నడిమి స్థానములో ఉన్నదో లేదో ముందు చూడవలెను. అది నడుమ లేనిచో ఒకవైపు మలుపు ఎక్కువ, ఒకవైపు తక్కువ యగును. ఆ దోషమును చక్రముల అలైన్‌మెంటు చేయించి, క్రింది కడ్డీల వద్ద సరిచేయవలెనే గాని పైన కప్పిపుచ్చరాదు.

హారను, ఇండికేటరు అను రెండు చిన్న సంగతులు తరచుగా మరవబడుచున్నవి. అనేక పాత కార్లలో హారను బొత్తాము నొక్కినపుడు విద్యుత్తు కడ్డీ ద్వారా కారు దేహమునకు చేరి వలయము పూర్తియగును. బాస్ అడుగున ఇత్తడి వలయము, దానిని తాకుచుండు చిన్న స్ప్రింగు మొన ఉండవలెను. అది సరిగా అమరనిచో హారను మ్రోగకపోవుటయో, మలుపులో తనంతట తానే మ్రోగుటయో జరుగును. మలుపు ముగిసిన పిమ్మట ఇండికేటరును వెనుకకు త్రోయు చిన్న ముక్కు చాల కార్లలో చక్రపు దిమ్మకే ఉండును. కొత్త బాస్‌కు అది లేనిచో ఇండికేటరు వెలుగుచునే యుండి వెనుక వచ్చువానిని తప్పుదారి పట్టించును. అన్నియు అమర్చిన పిమ్మట చక్రమును ఒక చివరినుండి మరొక చివరకు త్రిప్పి, ఏదియు రాచుకొనుట లేదని, ప్రతి స్థానములోను హారను మ్రోగుచున్నదని చూచి, ఖాళీ స్థలములో మెల్లగా నడిపి, మరునాడు నట్టు బిగువును మరల పరీక్షింపవలెను.

ఇంతవరకు చెప్పినది చేతికి సంబంధించినది. ఇక రొమ్మునకు సంబంధించిన సంగతి మిగిలియున్నది. అసలు ముఖ్యమైనది అదియే. 1950 ప్రాంతపు రూపకల్పన గల కార్లలో స్టీరింగు కడ్డీ ముందుభాగముననున్న గేరునుండి డ్రైవరు రొమ్ము వరకు ఒకే బారు ఉక్కు కమ్మీగా ఉండెడిది. కారు ముందుభాగము దేనినైనను ఢీకొన్నచో, ఆ కమ్మీ బల్లెము వలె వెనుకకు వచ్చును. అదే క్షణమున డ్రైవరు దేహము ముందుకు పోవును. ప్రమాదములలో డ్రైవర్ల మరణమునకు ఇది యొక ముఖ్యకారణమని గ్రహించిన పిమ్మట ఇంజనీర్లు మార్గములు వెదకిరి. 1956లో ఫోర్డు సంస్థవారు నడిమి దిమ్మ అంచుకంటె లోతుగా నుండు చక్రమును తెచ్చిరి. రొమ్ము దిమ్మకు తగులకముందే అంచు వంగి కొంత దెబ్బను మ్రింగవలెనని దాని ఉద్దేశము. 1967 నమూనా కార్లలో జనరల్ మోటార్స్ వారు దెబ్బకు తనలో తాను ముడుచుకొనిపోవు కడ్డీని ప్రవేశపెట్టిరి. 1968 జనవరి 1 నుండి అమెరికా ప్రభుత్వము దీనికి నియమములు విధించినది. గంటకు 30 మైళ్ల వేగముతో గోడను ఢీకొన్నపుడు కడ్డీ పైకొస 5 అంగుళములకు మించి వెనుకకు రారాదనుట వానిలో ఒకటి.

ఇప్పుడు ఆలోచింపుడు. పాత కారునకు నేటి చక్రమును బిగించినపుడు మారినది ఏది? చేతిలోనిది మాత్రమే మారినది. దాని వెనుకనున్న కమ్మీ ఆనాటిదే. పైపెచ్చు, నడుమ చేర్చిన లోహపు బాస్ ఆ చక్రమును డ్రైవరు రొమ్మునకు ఒకటి రెండు అంగుళములు దగ్గరకు తెచ్చినది. చక్రము చదునుగా నుండి, నడిమి దిమ్మ అంచుతో సమానముగా నున్నచో, ముందున్న కొద్దిపాటి రక్షణ కూడ పోవును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కావున మార్చువారు నడుమ లోతు గల చక్రమునే ఎన్నుకొనవలెను. దిమ్మపై మెత్తని తొడుగు ఉండవలెను. సీటును వెనుకకు జరుపుకొని రొమ్మునకును చక్రమునకును కనీసము 10 అంగుళముల ఎడము పాటింపవలెను.

విరగగొట్టిన కొత్త కార్లనుండి ఎయిర్‌బ్యాగుతో కూడిన చక్రమును తెచ్చి బిగించుకొన్నచో ఆ భద్రత కూడ వచ్చునని తలచువారున్నారు. ఇది ప్రమాదకరమైన భ్రమ. ఎయిర్‌బ్యాగు ఒంటరిగా పనిచేయునది కాదు. కారు ముందున దెబ్బను పసిగట్టు సాధనము, ఆ దెబ్బ ఎట్టిదో నిర్ణయించు విద్యుత్ యంత్రము, తిరుగు చక్రమునకు తెగకుండ తీగను అందించు చుట్ట, సంచిని సెకనులో ఇరువదవ వంతు లోపల నింపు మందుగుండు - ఇవన్నియు ఆ కారు కొరకే లెక్కించి కూర్చినవి. ఇవి లేని ఎయిర్‌బ్యాగు వట్టి బరువు. అంతకంటె చెరుపేమనగా, దానిలోని మందు చావలేదు. మీటరు పెట్టి పరీక్షించినను, తీగలు తారుమారైనను అది చేతిలోనే ప్రేలవచ్చును. మన దేశములో 2019 జూలై 1 నుండి కొత్త కార్లన్నింటిలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది గనుక, పాత సామాను దుకాణములలో అట్టి చక్రములు రానురాను ఎక్కువగా కనబడును. వానిని విడిచి, ఎయిర్‌బ్యాగు లేని చక్రమునే కొనుట మేలు. పాత కారులో నిజముగా ప్రాణము నిలుపునది భుజము మీదుగా వచ్చు మూడు కొసల సీటు బెల్టు. దానిని త్రుప్పు లేని గట్టిచోట, వెనుక ఉక్కు పలక వేసి బిగింపవలెను. కొత్త చక్రమునకు ఖర్చు పెట్టుటకు ముందే బెల్టునకు ఖర్చు పెట్టుట వివేకము.

చట్టము సంగతి కూడ ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత తెలిపిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. మరియు 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన కార్లకు వింటేజి వాహనములుగా ప్రత్యేకమైన రిజిస్ట్రేషను కల్పించినది. దేహము, చట్రము, ఇంజను గణనీయముగా మార్పు చెందక, కారు మూలరూపముననే యుండవలెననుట దానికి షరతు. అట్టి కారును నిత్యపు రాకపోకలకు గాని వర్తకమునకు గాని వాడరాదు. ఇప్పటికే 1970 ప్రాంతపు కార్లు ఆ వయస్సునకు చేరినవి. కావున మార్పు చేయుటకు ముందు రవాణా కార్యాలయములో విచారించుకొనుట మంచిది. తీసిన పాత చక్రమును, దాని నట్టును, హారను బొత్తామును బట్టలో చుట్టి భద్రపరచవలెను. కడ్డీని కోయక, గాళ్లను చెరుపక చేసిన మార్పైనచో, రేపు మీ పిల్లలు కోరినపుడు ఒక పూటలో కారును పూర్వరూపమునకు తేగలరు.

మొత్తము మీద తేలినది ఇది. స్టీరింగు చక్రమును వేరుగా చూడరాదు. అది చేతినుండి ముందు టైరు వరకు సాగిన గొలుసులో మొదటి కొలికి. మొదటి కొలికిని మార్చినంత మాత్రమున గొలుసు కొత్తది కాదు. కొలికి సరిపడనిదైనచో గొలుసు మొత్తము చెడును. పాత చక్రము గట్టిగా ఉన్నచో బాగుచేయించి వాడుకొనుడు. అది చెడినచో, అదే వ్యాసమునకు దగ్గరగా, నడుమ లోతు గల చక్రమును, మీ కారు గాళ్లకు సరిగా దిగిన బాస్‌తో, తెలిసినవారి చేత బిగింపించుకొనుడు. కారు వయస్సు మాత్రము మరువకుడు. చేతిలో కొత్త చక్రమున్నను దాని వెనుకనున్న కమ్మీయు, బ్రేకులును పాతకాలపువే గనుక, వేగమును వానికి తగినట్లే ఉంచుకొనుడు.